ఎర్ర పార్కరుకు మూడు పాళీలు

మా పెద్దనాన్న నెల్లూరు కోర్టులో సివిలు ప్లీడరు. ఆయన కోటు లోపలి జేబులో ఎప్పుడూ ఒకే పెన్ను ఉండేది. ఇంటిల్లిపాదీ దాన్ని ఎర్ర పార్కరు అనేవారు. కంపెనీ దానికి పెట్టిన పేరు డ్యుయోఫోల్డ్. పెన్నులన్నీ దాదాపు నల్లగానే ఉండే కాలంలో, 1921లో, అమెరికాలోని పార్కర్ కంపెనీ ఎర్రటి ఒంటితో, నల్లటి కొసలతో, మామూలు పెన్నులకంటే బాగా లావుగా దీన్ని తయారుచేసి 7 డాలర్లకు అమ్మింది. ఆనాటికి అది చిన్న ధర కాదు. మా తాతగారు దాన్ని 1930ల తొలినాళ్ళలో మద్రాసులో కొన్నారు. అప్పట్లో నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కనుక, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా మా జిల్లా నుంచి హైకోర్టు అప్పీళ్ళన్నీ మద్రాసుకే వెళ్ళేవి. అలా ఏదో అప్పీలు గెలిచిన ఉత్సాహంలో తాతగారు ఆ పెన్ను కొన్నారని ఇంట్లో చెప్పుకునేవారు. గెలిచింది ఏ వ్యాజ్యమో మాత్రం చెప్పేవాళ్ళను బట్టి మారుతూ ఉండేది.

ఆ పెన్ను వల్ల తాతగారు కొన్ని మాటలు కూడా పడ్డారట. డ్యుయోఫోల్డ్ పుట్టిన 1921లోనే గాంధీజీ మా జిల్లాకు వచ్చి, పెన్నా ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఆ ఆశ్రమంతో రాకపోకలున్న స్నేహితులు తాతగారికి ఉండేవారు. వాళ్ళు ఖద్దరు కట్టి వచ్చి, ఈయన జేబులో అమెరికా పెన్ను చూసి ఊరుకుంటారా? 1932లో రాజమండ్రిలో రత్నం పెన్నుల తయారీ మొదలైన తరువాత ఆ వేళాకోళం ఇంకా ఎక్కువైందని, స్వదేశీ పెన్ను దొరుకుతుంటే ఇదేమిటని నిలదీసేవారని పెద్దనాన్న చెప్పేవారు. తాతగారు నవ్వి ఊరుకునేవారే తప్ప పెన్ను మార్చలేదు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు ఆ పెన్నులోకి స్వదేశం మరో దారిన వచ్చి చేరింది. నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

పెన్ను కొనేవాళ్ళు ముందుగా చూసేది దాని ఒళ్ళు, రంగు, క్యాపు మీది బంగారు పట్టీ. రాసేవాళ్ళకు మాత్రం పెన్నంటే పాళీయే. ఎర్ర పార్కరుది పద్నాలుగు కారెట్ల బంగారు పాళీ. సిరాలో ఉండే ఆమ్లం పాళీని తినెయ్యకుండా పాతకాలం నుంచి బంగారాన్ని వాడుతూ వచ్చారు. మేలిమి బంగారం మెత్తన కాబట్టి అందులో ఇతర లోహాలు కలుపుతారు. ఆ కలయిక వల్ల పాళీకి, ఒత్తితే కాస్త విచ్చుకుని వదిలితే మళ్ళీ దగ్గరయ్యే గుణం వస్తుంది. అయితే కాయితాన్ని తాకేది బంగారం కాదు. పాళీ కొసన ఆస్మియం, ఇరిడియం కలిసిన గట్టి లోహపు చుక్క ఒకటి అతికి ఉంటుంది. దాన్ని నడిమికి చీల్చుకుంటూ పాళీ మధ్యనున్న గుండ్రటి రంధ్రం దాకా సన్నని చీలిక వెళుతుంది. పాళీ కింద నల్లటి ఎబొనైటుతో చేసిన నాలుక ఉంటుంది. సిరా ఆ నాలుక మీది సన్నని గాడి వెంట కిందికి వస్తుంది, ఖర్చయిన సిరాకు బదులు గాలి లోపలికి వెళుతుంది. ఈ రాకపోకలు సరిగ్గా సాగినంతసేపు పెన్ను సంగతే మనకు గుర్తుండదు.

నేను వి.ఆర్. కాలేజీలో చదువుతూ పెద్దనాన్న ఇంట్లో ఉన్న రోజుల్లో, 1970ల మధ్యలో, ఆ పెన్ను కింద పడింది. వకాలతు మీద సంతకం చేయడానికి ఒక కక్షిదారు దాన్ని తీసుకున్నాడు. క్యాపు తీసి ఉన్న పెన్ను ఆయన చేతిలోంచి జారి, కోర్టు వరండాలోని నాపరాతి మీద పాళీ కొస తగిలేటట్టు నిలువునా పడింది. ఆ మనిషి భయపడిపోయి, కొత్తది కొనిస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాడట. పెద్దనాన్న ఆయన చేత గుమాస్తా పెన్నుతో సంతకం చేయించి, తన పెన్నును జేబురుమాలులో చుట్టి ఇంటికి తెచ్చారు. భోజనాలైన తరువాత భూతద్దం పెట్టి మేమంతా చూశాము. పాళీకి రెండు కాళ్ళుంటాయి కదా, వాటిలో ఒకటి పైకి వంగిపోయింది, దాని కొసనున్న గట్టి చుక్క ఊడిపోయింది.

పాళీ బంగారమే కనుక కంసాలి చేత అతికించవచ్చునని పెద్దమ్మ అన్నది. మూలాపేటలో మా ఇంటికి నగలు చేసే ఆచారిగారు దాన్ని గీటురాయి మీద గీసి చూసి, ఇందులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే బంగారమున్నదని తేల్చారు. ఆయన చెప్పింది నిజమే. పద్నాలుగు కారెట్లంటే నూటికి 58 పాళ్ళకు కాస్త పైన. ఇరవై రెండు కారెట్ల నగలకు అలవాటుపడ్డ పెద్దమ్మకు ఆ మాటతో పార్కర్ కంపెనీ మీద ఉన్న గౌరవం కాస్తా పోయింది. ఇంతోటిదానికా మామగారు అన్నేసి మాటలు పడ్డారని ఆమె ఆ తరువాత చాలా కాలం అంటూనే ఉండేది. ఊడిన చుక్క స్థానంలో బంగారాన్ని అతికితే ప్రయోజనం లేదనీ, అది కాయితం మీద ఇట్టే అరిగిపోతుందనీ ఆచారిగారే చెప్పి పంపించేశారు.

ఇక మిగిలింది పెన్నుల సాయిబు గారు. ట్రంకు రోడ్డులో గాంధీబొమ్మకు కాస్త ఇవతల, ఒక బట్టల దుకాణం మెట్ల కింద ఆయన కొట్టు ఉండేది. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాల్సినంత చోటు. గోడకు కొట్టిన చిన్న చిన్న చెక్క అరల్లో క్యాపులు, ములుకులు, రబ్బరు ట్యూబులు, అగ్గిపెట్టెల్లో సైజుల వారీగా పాళీలు ఉండేవి. పరీక్షల ముందు రోజుల్లో ఆ కొట్టు చుట్టూ కాలేజీ పిల్లలమంతా మూగేవాళ్ళము. బాల్ పెన్నుతో రాస్తే దస్తూరీ పాడవుతుందని మాస్టర్లు గట్టిగా నమ్మిన కాలమది. పెద్దనాన్న స్వయంగా అక్కడికి రావడం సాయిబు గారికి ఆశ్చర్యం కలిగించింది. ఆయన లేచి తన స్టూలు ఇవ్వబోతే పెద్దనాన్న వద్దని నిలబడే ఉన్నారు. సాయిబు గారు పెన్నును చేతిలోకి తీసుకుని, పాళీ కంటే ముందు దాని ఒంటిని రెండు వైపులా తిప్పి చూశారు.

“ఇది అతుక్కునే రకం కాదయ్యా. కొసన చుక్క ఊడిపొయ్యింది. అది పెట్టేవాళ్ళు మన పక్కన లేరు.”

“మరి ఏం చేద్దామంటారు సాయిబు గారూ?”

“ఒళ్ళు దానిదే ఉంచుదాం, పాళీ మనది పెడదాం.”

ఆ పాళీ తమిళనాడులోని సాత్తూరు నుంచి వచ్చినది. సాత్తూరులో పెన్ను పాళీలు చేయడం కుటీర పరిశ్రమగా సాగేది, అక్కడి పాళీలు మద్రాసు మీదుగా మా ఊరి కొట్లకు చేరేవి. ఉక్కు రేకుతో చేసి పైన పసుపు రంగు పూత పూసిన పాళీ అది. సాయిబు గారు తన దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పెద్దది వెతికి, దాన్ని పార్కరు నాలుక మీద ఆనించి చూసి తల అడ్డంగా ఊపారు. వెడల్పు సరిపోయింది కానీ వంపు సరిపోలేదు. పెన్నును వదిలిపెట్టి వెళ్ళమని ఆయన అంటే, పెద్దనాన్న నన్ను అక్కడే కూర్చోమని చెప్పి కోర్టుకు వెళ్ళారు. సాయిబు గారి మీద అనుమానంతో కాదు, ఆ పెన్ను ఇంటివాళ్ళు లేకుండా బయట ఉండటం ఆయనకు అలవాటు లేకపోవడం వల్ల.

అందువల్ల ఒక విలువైన పెన్నుకు పాళీ మార్చడమంటే ఏమిటో మొదటినుంచి చివరిదాకా చూసే అవకాశం నాకు దొరికింది. ముందుగా పాళీ ఉన్న ముందు భాగాన్ని ఒంటి నుంచి వేరు చేయాలి. కొందరు దానికి సారా దీపం మీద వేడి చూపిస్తారు. సాయిబు గారు ఈ పెన్ను దగ్గరికి దీపం రానివ్వలేదు. వెలుగుతున్న కరెంటు బల్బు పక్కన పెన్నును పట్టుకుని, వేళ్ళతో తిప్పుతూ నెమ్మదిగా వెచ్చబెట్టారు. కాసేపటికి కొట్టు నిండా పూజగదిలో లాగా కర్పూరం వాసన వచ్చింది. ఆ ఎర్రటి ఒళ్ళు సెల్యులాయిడుతో చేసింది, సెల్యులాయిడు తయారీలో కర్పూరం కలుపుతారు. అది నిప్పు తగిలితే భగ్గుమనే సరుకు. ఆయనకు ఆ రసాయనం పేరు తెలిసినట్టు లేదు కానీ, కర్పూరం వాసన వచ్చే పెన్నుకు మంట చూపించకూడదని మాత్రం తెలుసు.

ముందు భాగం ఊడి వచ్చేసరికి దాని వెనక రబ్బరు ట్యూబు కనిపించింది. ఈ పెన్నులో సిరా నింపడానికి తోక దగ్గరున్న చిన్న మూతను విప్పి, లోపలి ఇత్తడి బొత్తాన్ని నొక్కాలి. బొత్తాం లోపల ఒక లోహపు పట్టీని వంచితే అది ట్యూబును నొక్కుతుంది, వదిలితే ట్యూబు ఉబ్బి సిరాను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి సిరా తాగిన ఆ రబ్బరు గట్టిపడి, ఇక పీల్చే స్థితిలో లేదు. పాళీ కోసం వచ్చిన పెన్నుకు ట్యూబు కూడా మార్చక తప్పలేదు. ఎబొనైటు కంఠానికి లక్క పూసి కొత్త ట్యూబు తొడిగి, లోపల అతుక్కోకుండా దాని మీద పౌడరు చల్లారు. ఆ పని తరువాత చేసినదే కానీ, వరుస తప్పినా ఇక్కడే చెప్పేస్తున్నాను.

పాళీని, నాలుకను ముందుకు లాగకూడదు. వెనక వైపు నుంచి నెట్టాలి. నడుమ రంధ్రమున్న చెక్క దిమ్మెలో ఆ ముందు భాగాన్ని నిలబెట్టి, వెనక నుంచి సన్నని ఇత్తడి కడ్డీని నాలుక తోకకు ఆనించి, చెక్క సుత్తితో తట్టీ తట్టనట్టు తట్టారు. బంగారు పాళీ, నాలుక రెండూ కలిసి దిమ్మె కింద పరిచిన గుడ్డలోకి జారిపడ్డాయి. ఆయన మొదట చేసిన పని ఆ విరిగిన పాళీని కాయితంలో పొట్లం కట్టి నా చేతికివ్వడం. “ముందు ఇది జేబులో పెట్టుకో అబ్బయా. రేపు సాయిబు దాన్ని మార్చేసినాడని మాట రాకూడదు” అన్నారు.

అసలు పని అప్పుడు మొదలైంది. బంగారు పాళీ మందంగా ఉండేది, ఉక్కు పాళీ పలచన. ఆ తేడా వల్ల కొత్త పాళీ వదులుగా కూర్చుంటుంది. వదులును పూడ్చడానికి ఆయన పాత ఎక్స్‌రే ఫిల్ములోంచి గోరంత ముక్క కత్తిరించి పాళీ మొదట్లో పెట్టారు. వంపు తేడాకు ఇంకో ఉపాయం ఉంది. ఎబొనైటు వేడి నీళ్ళలో మెత్తబడుతుంది. పాళీ, నాలుక కలిపి బిగించిన తరువాత ఆ కొసను మాత్రమే టీ కొట్టు నుంచి తెప్పించిన మరుగుతున్న నీళ్ళలో ముంచి, పైకి తీసి, బొటనవేలితో నాలుకను పాళీకి అదిమిపట్టి చల్లారేదాకా అలాగే ఉంచారు. మళ్ళీ ముంచడం, మళ్ళీ అదమడం. పాళీకీ నాలుకకీ మధ్య వెలుతురు కనిపించనంత వరకు ఆ పని ఆగలేదు. వాటి మధ్య సందు ఉంటే సిరా పాళీ దాకా రాదు, వచ్చినా సగం మాటలో ఆగిపోతుంది. పాళీ మార్చిన పెన్ను సరిగ్గా రాయడం లేదని జనం పాళీని తిడతారు గానీ, పది సార్లకు తొమ్మిది సార్లు తప్పు ఈ పొందిక దగ్గరే ఉంటుందని ఆయన చెప్పారు. ఆ తరువాతి జీవితంలో నేను చూసిన పెన్నులన్నీ ఆ మాటను నిజమనిపించాయి.

చీలికను బల్బు వెలుతురుకు అడ్డంపెట్టి చూసి, సన్నని ఇత్తడి రేకును అందులో పోనిచ్చి ఒకసారి దువ్వారు. చివరికి ఒక పలక ముక్క తీశారు. మార్కాపురం పలకలకు పెట్టింది పేరు. మేమంతా ఆ పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళమే. దాని మీద కొబ్బరినూనె చుక్క వేసి, పాళీ కొసతో సున్నలు, ఎనిమిదులు, తెలుగు అక్షరాలు తిప్పసాగారు. బంగారు పాళీల గట్టి చుక్కకు ఆ పలక చాలదనీ, ఈ ఉక్కు పాళీకి మాత్రం దాని నునుపు సరిగ్గా సరిపోతుందనీ అన్నారు. ఆయన తెలుగు మాట్లాడేవారే గానీ చదువు ఉర్దూలో సాగినవారు. అయినా పాళీని దిద్దేటప్పుడు మాత్రం అ, ఆ, ఇ, ఈ రాసేవారు. ఎవరు రాసే పాళీని వాళ్ళ అక్షరాల మీదే తిప్పాలట. ఇంగ్లీషు బడి పిల్లల పెన్నులకైతే ఏబీసీడీలు తిప్పేవారేమో, అడగలేదు.

సాయంత్రం పెద్దనాన్న వచ్చి, నిలబడే నాలుగు వాక్యాలు రాసి చూశారు. ఏమీ అనలేదు. క్యాపు పెట్టి, జేబులో పెట్టుకుని, డబ్బులిచ్చారు. పాళీ ధర రూపాయి లోపే, పని కూలీ దానికంటే ఎక్కువ. వచ్చేటప్పుడు సాయిబు గారు నాతో “పెద్దాయనకు చెప్పు అబ్బయా, కొన్నాళ్ళు ఒత్తబాకండని. బంగారం మాదిరి ఇది వంగదు” అన్నారు. ఆయనకే చెప్పవచ్చు కదా అంటే, ప్లీడరు గారికి ఎట్లా రాయాలో మనం చెబుతామా అని నవ్వారు.

కొత్త పాళీ గురించి మొదటి తీర్పు మా పెద్దనాన్న గుమాస్తా నుంచి వచ్చింది. బంగారు పాళీ వెడల్పాటి గీత గీసేది. సంతకం దానితో దర్జాగా ఉండేది, ఇంగ్లీషు ఉత్తరాలూ బాగానే ఉండేవి. తెలుగులో రాసిన చిత్తు ప్రతులను చదివి శుద్ధప్రతి రాయాల్సిన గుమాస్తాకు మాత్రం అది నరకం. ద కు ధ కు, డ కు ఢ కు తేడా ఆ కింది చిన్న గీతలోనే కదా ఉంది. లావు పాళీ ఆ గీతను అక్షరంలో కలిపేసేది. గుడులు మూసుకుపోయేవి, ఒత్తు కింద ఒత్తు వచ్చే చోట సిరా ముద్దగా నిలిచేది. క్ష్మి, స్త్రీ, ర్థ్య లాంటివాటిని గుమాస్తా సందర్భాన్ని బట్టి ఊహించుకునేవాడు. ఉక్కు పాళీ వచ్చిన వారం తిరక్కముందే ఆయన పెద్దమ్మతో, “అమ్మా, అయ్యగారి ధలు ఇప్పుడు కనపడతా ఉండాయి” అన్నాడు. అమెరికా పాళీ విరిగినందుకు సంతోషించిన మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే.

బార్ అసోసియేషన్ గదిలో సంగతి ఇంకో రకంగా నడిచింది. పూత పసుపు రంగులో ఉండటం వల్ల దాన్ని అందరూ బంగారు పాళీ అనే అనుకున్నారు. సంతకానికి తీసుకున్న తోటి ప్లీడర్లు, ఎంతైనా అమెరికా సరుకు అమెరికా సరుకేనని మెచ్చుకుని తిరిగి ఇచ్చేవారు. పెద్దనాన్న వాళ్ళ మాట కాదనలేదు. కోర్టులో ఎదుటివాడి సాక్షిని నిలువునా చీల్చి నిజం రాబట్టే మనిషి ఈ ఒక్క విషయంలో మౌనంగా ఉండిపోవడం మాకందరికీ వినోదంగా ఉండేది. ఆయన 1980ల చివర ప్రాక్టీసు మానుకునేదాకా దావాలు, జవాబు దావాలు, మా అందరి పెళ్ళిళ్ళ లగ్నపత్రికల చిత్తు ప్రతులు, అన్నీ ఆ సాత్తూరు పాళీతోనే రాశారు. విరిగిన బంగారు పాళీ ఇనప్పెట్టెలో నస్యం డబ్బాలో ఉండిపోయింది.

పెద్దనాన్న పోయిన చాలా కాలానికి, మూలాపేట ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అక్క ఆ పెన్నును నాకిచ్చింది. “ఒరే, నువ్వైతే రాస్తావు. మా పిల్లలకు పెన్ను పట్టుకునేదే రాదు” అన్నది. విప్పి చూస్తే లోపల ట్యూబు మళ్ళీ రాయిలా గట్టిపడింది, పూత పోయిన చోట ఉక్కు పాళీ తుప్పు పట్టి, చీలిక అంచులు కొరికినట్టుగా తయారయ్యాయి. బంగారు పాళీకీ దీనికీ ఉన్న తేడా అదే. సిరాతో ఏళ్ళ తరబడి కాపురం చేయడం ఉక్కుకు సాధ్యం కాదు. ట్రంకు రోడ్డు వెడల్పయింది, మెట్ల కింద ఆ కొట్టు లేదు, పాళీలు మార్చేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

ఈనాటి ఖరీదైన పెన్నుల్లో ఈ పని చాలావరకు తేలికైంది. జర్మనీ వాళ్ళ పెలికాన్ పెన్నుల్లో పాళీ, నాలుక, వాటిని పట్టుకునే మరబిళ్ళ ఒకే ముక్కగా చేతితో విప్పడానికి వీలుగా ఉంటాయి. సన్న పాళీ తీసి లావు పాళీ బిగించడం బల్బు మార్చినంత సులువు. మాంట్ బ్లాంక్ లాంటివాటికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. వాటిని ఇంట్లో విప్పబోవడం తెలివైన పని కాదు. పాత షెఫర్ పెన్నుల్లో ఒంటిలోకి పొదిగిన పాళీలున్నవైతే ముందు భాగం మొత్తం మార్చాల్సిందే. డ్యుయోఫోల్డ్ మాత్రం పాతకాలపు పద్ధతిదే, తట్టి తీసి, అదిమి పెట్టేది.

చెన్నైలో ఉండే నా మిత్రుడొకరు పాత పెన్నులు సేకరిస్తారు. ఎర్ర పార్కరులో సాత్తూరు పాళీ చూసి ఆయన దాదాపు కళ్ళు మూసుకున్నారు. ఒళ్ళు పగిలి పనికిరాకుండా పోయిన మరో డ్యుయోఫోల్డ్ నుంచి ఆ కాలపు బంగారు పాళీనే సంపాదించి, నాలుకను మళ్ళీ వేడి నీళ్ళలో మెత్తబరచి కొత్త వంపుకు తెచ్చి బిగించి ఇచ్చారు. ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఇంకా అందులోనే ఉంది. అదేమిటని ఆయన అడిగితే సాయిబు గారి గురించి చెప్పాను. ఆయన దాన్ని పారేయకుండా పాత పాళీతో పాటు పొట్లం కట్టి ఇచ్చారు.

పాళీ తిరిగి బంగారమైంది, పెన్ను పుట్టినప్పుడు ఉన్నట్టే అయింది. నేను దానితో కొన్ని వారాలు రాశాను. నిజం చెప్పాలంటే నాకది నచ్చలేదు. కాయితం మీద దాని నడక హాయిగా ఉంది, ఒత్తిన చోట గీత విచ్చుకుని అందంగా వస్తోంది, కానీ నా ఉత్తరాలు పెద్దనాన్న పాత చిత్తు ప్రతుల్లాగే మసకబారాయి. లావు సన్నాల తేడా చూపే పాళీలు రోమను లిపి కోసం పుట్టినవి. ఆ లిపిలో నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా ఉంటే అందం. మన అక్షరాలు తాటాకు మీద ఘంటంతో గీసిన అలవాటులోంచి గుండ్రపడ్డాయని చెబుతారు. తిన్నని గీతలు ఆకును చీలుస్తాయి కాబట్టి రాత వంపులు తిరిగిందట. ఘంటానికి లావు సన్నాలు లేవు, ఎటు తిరిగినా ఒకటే గీత. తిక్కనగారి ఊళ్ళో పుట్టినవాడినై ఉండి, ఈ సంగతి గ్రహించడానికి నాకు అమెరికా పాళీ కావలసి వచ్చింది.

తెలుగు రాయడానికి ఖరీదైన పెన్ను కొనాలనుకునేవాళ్ళు నన్ను అడిగితే, మీడియం జోలికి పోవద్దనే చెబుతాను. పైలట్, సైలర్, ప్లాటినం లాంటి జపాను కంపెనీల సన్న పాళీ, యూరపు కంపెనీల సన్న పాళీ కంటే మరింత సన్నగా రాస్తుంది. చిన్న చోటులో ఎన్నో గీతలు ఇమడాల్సిన లిపి వాళ్ళది కూడా కనుక వాళ్ళకు మన కష్టం తెలుసు. దుకాణంలో సంతకం చేసి చూసి పెన్ను ఎంచుకోవడం కంటే, లక్ష్మీనరసింహం అని రాసి చూసి ఎంచుకోవడం మంచిది.

నేను తిరిగి ఆ మిత్రుడి దగ్గరికి వెళ్ళి, బంగారు పాళీ కొసను సన్నగా సానపెట్టించమని అడిగాను. ఆ కాలపు పాళీని సానపెట్టడమంటే సేకరణదారుల దృష్టిలో పాపం. అరిగించిన గట్టి చుక్క తిరిగి రాదు, పెన్ను విలువ కూడా పడిపోతుంది. ఆయన చాలాసేపు వాదించి, చివరికి అలాంటి పని చేసే ఒకరి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ పనివాడు నేను తీసుకెళ్ళిన తుప్పు పాళీని భూతద్దం కింద పెట్టి, దీనితో రాసినాయన పెన్నును కాస్త ఎడమకు ఒరగదిప్పి, బాగా వాల్చి పట్టుకునేవారా అని అడిగాడు. పెద్దనాన్న అలాగే పట్టుకునేవారు. మెత్తటి ఉక్కు కనుక అన్నేళ్ళ రాతలో దాని కొస ఒక పక్కగా ఏటవాలుగా అరిగిపోయి ఉంది. ఆ అరుగుదలను చూస్తూ, సన్నని పొరల ఆకురాయి కాయితాల మీద బంగారు పాళీని అదే వాలుకు తెచ్చాడు. నేను పెన్ను నిటారుగా పట్టేవాడిని కనుక ఆ వాలు నాకు కుదరదేమోనని అతను సందేహించాడు. అలాగే చెయ్యమన్నాను. చెయ్యి మార్చుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఇప్పుడు ధలు కనపడతా ఉండాయి. మిత్రుడికి మాత్రం కోపం పూర్తిగా తగ్గలేదు. తన సేకరణ గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు, ఒక మంచి డ్యుయోఫోల్డును పాడుచేసిన నెల్లూరు మనిషి ఒకరున్నారని నా సంగతి కలుపుతారు. అమ్మేది లేని వస్తువుకు విలువ పడిపోతే ఎవరికి నష్టమో నాకు అర్థం కాదు.

ఎర్ర పార్కరుతో ఇప్పుడున్న ఇబ్బంది పాళీది కాదు, కాయితానిది. జిరాక్సు కాయితం మీద సిరా అల్లుకుపోయి, ఎంత సన్న పాళీ అయినా లావుగానే కనిపిస్తుంది. అందుకని పూర్వం కోర్టు కాయితాలకు వాడిన లెడ్జరు కాయితాన్నే చిన్నబజారులో దస్తాల లెక్కన తెచ్చుకుంటున్నాను. నేను వెళ్ళినప్పుడల్లా దుకాణంలోని కుర్రవాడు కాయితం కట్ట కడుతూ, “ఇంకా తెగలేదా సార్ మీ కేసు?” అని పలకరిస్తాడు.